జమ్ములంకలో దిగడం ఎలా

మనిషి నీళ్ళు దాటడం నేర్చుకుని వేల ఏళ్ళయింది. దాటిన తరవాత దిగడానికి అనుమతి కావాలన్న సంగతి మాత్రం మొన్న జూన్ నెలలో, మన కొల్లేట్లోనే, మొట్టమొదటిసారిగా కనిపెట్టారు. ఇంత ఆలస్యంగా ఎందుకు కనిపెట్టారని అడగకూడదు. సున్నాని కూడా ఆలస్యంగానే కనిపెట్టారు.

నాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. పేరు అబ్బాయిరాజు. ప్రతి గురువారం నాలుగు బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని, దెందులూరు మీదుగా కొల్లేటి గట్టు రేవుకు వచ్చి, తొమ్మిది గంటల లాంచీ ఎక్కి, పదింటికి జమ్ములంకలో దిగుతాను. సరుకు దింపి తిరుగు లాంచీలో వచ్చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇన్నేళ్ళూ నేను చేస్తున్నది దిగడం అనుకున్నాను. అది తీరవిహారమని జూన్‌లో తెలిసింది.

జరిగిందేమిటంటే, ఆ లాంచీని సరస్సు విహార నౌకా సంస్థ అనే కొత్త సంస్థ తీసుకుంది. తెల్లరంగు వేసింది. కప్పు మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి దానికి అప్పర్ డెక్ అని పేరు పెట్టింది. రంగు ఆరేసరికి లాంచీ క్రూయిజ్ అయిపోయింది. లాంచీ ఎక్కేవాడు ఏదో ఊరు వెళ్ళడానికి ఎక్కుతాడు. క్రూయిజ్ ఎక్కేవాడు ఎక్కడం కోసమే ఎక్కుతాడు, ఎక్కిన రేవులోనే దిగుతాడు. మధ్యలో ఎక్కడైనా కాలు కింద పెట్టాలని బుద్ధి పుడితే అది తీరవిహారం, దానికి వేరే బుకింగు. (ఆ దారిలో నీళ్ళు మొలలోతు. అందుకే భద్రతా సూచనల బోర్డు మీద "నౌక మునిగిన పక్షంలో ప్రయాణికులు దయచేసి లేచి నిలబడవలెను" అని రాశారు. ఆ బోర్డు మీద నేను ఒప్పుకునే వాక్యం అదొక్కటే.)

తీరవిహారం ఎప్పుడు బుక్ చేసుకోవాలి, ఎలా బుక్ చేసుకోవాలి అని చాలామంది నన్ను అడుగుతుంటారు. అడగడం న్యాయమే. సరుకు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియనివాడు ఉల్లిపాయల్లో ఇరవై రెండేళ్ళు నిలబడలేడు. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మార్గాలు మూడున్నాయి.

మొదటిది, ఫోన్లో యాప్ ద్వారా నలభై అయిదు రోజుల ముందు చేసుకోవడం. ఇందులో పది శాతం రాయితీ ఉంది. అయితే ఏ తీరంలో దిగుతారో, ఏ ఉద్దేశంతో దిగుతారో ముందే చెప్పాలి. ఉద్దేశాలు నాలుగే ఉన్నాయి: పక్షుల సందర్శన, గ్రామీణ జీవన అనుభూతి, చేపల వంటకాల రుచి, ఫొటోలు. "ఇంటికి" అనేది ఆ నాలుగింట్లో లేదు. క్రూయిజ్ ఎక్కి ఇంటికి వెళ్ళేవాడు లోకంలో ఉండడని యాప్ తయారుచేసినవారి అంచనా.

జమ్ములంకలో రూతమ్మ అని ఒకావిడ ఉంది. ఇంటి ముందు గదిలోనే చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. నా ఉల్లిపాయలు ఆ లంకలో ఎవరు తిన్నా ఆమె తక్కెడ దాటే తింటారు. వారానికి రెండుసార్లు పప్పూ ఉప్పూ తెచ్చుకోవడానికి ఏలూరు వచ్చి వెళుతుంది. మొదటిసారి యాప్ పెట్టి ఇచ్చినప్పుడు ఆమె ఫోను నా వైపు తిప్పింది.

"రాజుగారూ, మా ఇంటికి నేను ఎందుకెళ్తున్నానని అడుగుతుందండి."

"గ్రామీణ జీవన అనుభూతి నొక్కు."

"అంటే ఏంటండి?"

"పొయ్యి రాజేసుకోవడం, నీళ్ళు మోసుకోవడం, కోళ్ళని తోలడం."

"అదైతే నాకు రోజూ అవుతుందండి," అని నొక్కింది.

ఆమె ఇంట్లో అడుగుపెట్టిన గంటన్నరకు ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీరు సందర్శించిన గ్రామీణ గృహానికి అయిదింట్లో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? ఇవ్వకపోతే మరోసారి బుకింగు దొరకదు. రూతమ్మ అబద్ధమాడని మనిషి. మూడు ఇచ్చింది. కారణం రాయమంటే "చూరు కారుతుంది" అని రాయించింది. (ఈ మూడు నక్షత్రాలను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. సంస్థ గుర్తుపెట్టుకుంది.)

రెండో మార్గం, లాంచీలోనే కౌంటరు దగ్గర చేసుకోవడం. ఆ కౌంటరు లాంచీ రేవు వదిలిన పది నిమిషాలకు తెరుస్తారు, జమ్ములంక కంటికి కనిపించక ముందే మూసేస్తారు. తీరం కనిపించాక దిగాలనిపించడం ఆవేశం కిందికి వస్తుందనీ, సంస్థ ఆవేశాన్ని ప్రోత్సహించదనీ నియమం. ధర పూర్తిగా కట్టాలి. కాకపోతే మూసే ముందు ఒకటి రెండు నిమిషాలు ధర తగ్గుతుందని జనంలో ఒక మాట ఉంది. ఒక గురువారం నేను ఆ రెండు నిమిషాల కోసం ఆగాను. తగ్గింది. ఇంకొంచెం తగ్గుతుందేమోనని ఆగాను. కౌంటరు మూసేశారు. జమ్ములంక నా కళ్ళముందే వచ్చింది, గంటన్నర నిలబడింది, వెళ్ళిపోయింది. నాలుగు బస్తాలతో కొల్లేరంతా తిరిగి మళ్ళీ గట్టు రేవులో దిగాను. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది: ఉల్లి నిలవ ఉంటుంది, తీరం నిలవ ఉండదు.

మూడోది బయటి మార్గం. లంకవాళ్ళు దోనె తెచ్చి లాంచీ పక్కన పెడితే అందులోకి దూకడం. దీన్ని సంస్థ "నడినీటి అవరోహణ" అంటుంది, నిషేధించింది. జమ్ములంకలో దేవరాజు అని చేపలు పట్టే మనిషి దోనె కోసం కూడా ఆగకుండా, పంచె ఎగగట్టి, లాంచీ మీంచి నీళ్ళలోకి దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. లాంచీలో తల లెక్క ఒకటి తక్కువైంది. నీళ్ళలో దిగి తిరిగి రాలేదు కాబట్టి మునిగినట్టు రాసుకున్నారు. వారం తిరక్కుండా అతని భార్యకు సంతాప లేఖ వచ్చింది. ఆ లేఖ దేవరాజే సంతకం పెట్టి తీసుకున్నాడు. ఇప్పుడతనికి బుకింగు దొరకదు. పోయినవారికి విహారం ఉండదట.

ఇక బస్తాల సంగతి. లాంచీలో సరుకు వేయడం కుదరదని, ఎందుకంటే క్రూయిజ్‌లో సరుకు ఉండదని, ప్రయాణికులు మాత్రమే ఉంటారని చెప్పారు. సరే అన్నాను. నాలుగు బస్తాలను ప్రయాణికులుగా బుక్ చేశాను. ఇంటిపేరు ఉల్లి. పేర్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు. తండ్రి పేరు కర్నూలు. ఉద్దేశం చేపల వంటకాల రుచి. వయసు యాభై అని వేశాను, కిలోలు అని రాసే చోటు లేదు. అరవై నిండితే వృద్ధుల రాయితీ ఉందని తరవాత చూశాను. ఆ మర్నాటి నుంచి అరవై కిలోల బస్తాలే కుట్టిస్తున్నాను.

ఈ ఏర్పాట్లన్నిటికీ లాంచీ మీద బాధ్యుడు తీరావరోహణాధికారి హేమంత్‌కుమార్‌గారు. పాతికేళ్ళ మనిషి, మెత్తని మాట. ఎవర్నైనా దిగనివ్వనప్పుడు కూడా "ఏవండీ, ఏమీ అనుకోకండి" అనకుండా దిగనివ్వకపోవడం ఆయన చేత కాదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తీరవిహారం గంటన్నర. పదింటికి దిగినవారు పదకొండున్నర కూతకు మళ్ళీ లాంచీ ఎక్కాలి. దిగేటప్పుడు ఒక్కొక్కరికి మెడలో నంబరు బ్యాడ్జి వేస్తారు, ఎక్కేటప్పుడు దాన్ని స్కాను చేస్తారు. ఒక్క బ్యాడ్జి తగ్గినా ఆ తీరానికి ముప్ఫై రోజులు బుకింగు మూసేస్తారు. అంటే ఎవరైనా ఒకరు ఇంటికి వెళ్ళి ఇంట్లోనే ఉండిపోతే ఊరంతటికీ దారి పోతుంది.

దీనికి జమ్ములంకవాళ్ళు వారం రోజుల్లో విరుగుడు కనిపెట్టారు. ఇంటికి వచ్చినవాడు బ్యాడ్జి తీసి, ఆ రోజు ఏలూరు వెళ్ళవలసినవాడి మెడలో వేస్తాడు. వాడు ఎక్కుతాడు. లెక్క సరిపోతుంది. అలా ఎక్కేవాడిని వాళ్ళు "బదులు" అంటారు. రూతమ్మ వెళ్ళేటప్పుడు పక్కింటి స్టెల్లాగా వెళుతుంది, వచ్చేటప్పుడు రూతమ్మగా వస్తుంది. స్టెల్లా వెళ్ళేటప్పుడు ఇంకెవరో అయి వెళుతుంది. సంస్థ కాగితాల్లో చూస్తే జమ్ములంకకు అందరూ వస్తూనే ఉంటారు, ఏ ఒక్కరూ అక్కణ్ణుంచి బయల్దేరరు. ఒకరు ఇల్లు చేరాలంటే ఇంకొకరు ఊరు విడవాలి, అంతే. వ్యాపారిగా చెబుతున్నాను, ఇంత సరిగ్గా తూగిన త్రాసు నేను గూడెం మార్కెట్లో చూడలేదు.

నా బస్తాల విషయంలో ఇంకా సుళువు. ఉల్లిపాయలు రూతమ్మ కొట్టులో పోసి, ఖాళీ గోతాల మెడకు బ్యాడ్జీలు కట్టి తెచ్చేవాణ్ణి. హేమంత్‌కుమార్‌గారు స్కాను చేసేవారు.

"ఏవండీ, వెళ్ళినప్పుడు లావుగా ఉన్నారే," అన్నారు ఒకసారి, గోతాన్ని చూసి.

"చేపల పులుసు పడలేదండి," అన్నాను.

సెప్టెంబరు దాకా ఇలా నడిచింది. సెప్టెంబరులో జమ్ములంకకు నివాస నిర్ధారణ వచ్చింది. లంకలో ఏ ఇంట్లో ఎవరుంటున్నారో ఒక గురువారం పది నుంచి అయిదు మధ్య అధికారులు వచ్చి చూస్తారు, ఉన్నవారికి ఇంటి పట్టా ఇస్తారు. ఆ వేళకు ఇంట్లో లేనివారి పేరు కొట్టేస్తారు. మళ్ళీ రావడం ఉండదు. రూతమ్మ ఇల్లు ఆమె అత్తగారి నాటిది. కాగితం అన్నది ఆ ఇంటికి ఎన్నడూ లేదు. నలభై ఏళ్ళుగా ఆ కాగితం కోసం చూస్తోంది.

కాగితం కావాలంటే హాజరు చీటీ కావాలి. హాజరు చీటీ ఏలూరులో ఒక ఆఫీసులో ఇస్తారు, స్వయంగా వచ్చి తీసుకోవాలి. అంటే ఇంట్లో ఉన్నానని రుజువు చేయడానికి ముందు ఇల్లు వదిలి రావాలి. ఊరంతా వేర్వేరు రోజుల్లో వచ్చి తీసుకున్నారు. రూతమ్మకు సరుకు పనిలో తీరిక దొరక్క ఆఖరికి ముందు రోజు, బుధవారం నాడు వచ్చింది. సాయంత్రం అయిదుకు చీటీ చేతికిచ్చారు. చెల్లెలి ఇంట్లో పడుకుని, గురువారం పొద్దున్న గట్టు రేవులో నా పక్కన లాంచీ ఎక్కింది. చీటీ చీర కొంగున కట్టుకుంది.

లాంచీ కదిలాక ఆమె నాతో మెల్లగా అంది.

"రాజుగారూ, ఇవాళ బదులు ఎవరూ రారండి."

నిజమే. ఆ రోజు జమ్ములంకలో ఒక్క ప్రాణీ గడప దాటదు. అందరికీ పట్టా కావాలి. అందరూ తలుపులు బార్లా తీసి, స్నానాలు చేసి, ఇళ్ళలో ఉన్నట్టు కూర్చుని ఉంటారు. రూతమ్మ పదింటికి దిగితే పదకొండున్నరకు ఎక్కాల్సిందే. ఎక్కితే ఇల్లు పోతుంది. ఎక్కకపోతే ఊరికి దారి పోతుంది.

ఇద్దరం కౌంటరు దగ్గరికి వెళ్ళాం. హేమంత్‌కుమార్‌గారు ఓపిగ్గా విన్నారు.

"ఏవండీ, దీనికి నియమాల్లోనే దారి ఉందండి," అన్నారు. "దరఖాస్తు చివర ఒక ప్రశ్న ఉంటుంది. తీరవిహారానంతరం, అని. దాని కింద రెండు గళ్ళు. మీరెప్పుడూ మొదటిదే నొక్కుతున్నారు."

ఆయన ఫోను మా వైపు తిప్పారు. (అ) వెళ్ళొస్తాను. (ఆ) తిరిగి రాను.

"మొదటిది నొక్కినవారు పర్యాటకులండి. రెండోది నొక్కినవారు స్థిర తీరవాసులు. వాళ్ళు తిరిగి ఎక్కనక్కర్లేదు, తల లెక్కలోకి రారు. నిర్ధారణవాళ్ళకు ఆ వివరం ఇక్కణ్ణుంచే వెళుతుంది. ప్రజలకు అర్థమయ్యే భాషలో ఉండాలని నేనే అలా పెట్టానండి. పైనుంచి వచ్చిన ముసాయిదాలో 'పునరారోహణ కాంక్ష కలదు, లేదు' అని ఉంది." ఆయన ముఖంలో కొంచెం గర్వం కనిపించింది. ఉండటం న్యాయమే.

నేను లెక్క వేశాను. ఒక వైపు ఒక్క టిక్కు. ఇంకో వైపు ఇల్లు. ఇంత చవకైన బేరం నా జీవితంలో నాకు తగల్లేదు.

"నొక్కెయ్ రూతమ్మా," అన్నాను.

రూతమ్మ ఫోను వెనక్కి నెట్టింది.

"ఆ మాట నేననండి."

"అనక్కర్లేదు. నొక్కితే చాలు."

"నొక్కినా అన్నట్టేనండి. ఇంట్లోంచి కాలు బయట పెట్టేవాళ్ళు ఎవరైనా వెళ్ళొస్తాననే కదండీ అంటారు. మేం శకునాలూ అవీ చూడమండి, పాస్టరుగారు వద్దంటారు. అయినా ఆ మాట మాత్రం అనం."

హేమంత్‌కుమార్‌గారు మర్యాదగా అడిగారు. "ఏవండీ, అంటే ఏమవుతుందండీ?"

"మా ఆయన యోసేపు అన్నాడండి. పాతికేళ్ళ కింద, చేప కూరలో ఉప్పెక్కువైందని అలిగి, ఇంక తిరిగి రానే అని అనేసి కైకలూరు వెళ్ళాడండి. నిజంగానే తిరిగి రాలేదు."

"అయ్యో. పోయారాండీ?"

"ఎందుకు పోతాడండీ, అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. బాగానే ఉన్నాడు. కలిదిండి వైపు చెరువుల కాపలా పని. నిన్న కాక మొన్న రెండు కాళ్ళకీ కొత్త చెప్పులు కొనుక్కున్నాడట."

ఆ మాట తరవాత హేమంత్‌కుమార్‌గారు ఫోను తన వైపు తిప్పేసుకున్నారు. ఆమెకు నచ్చజెప్పడానికి నాకు మాత్రం ఏ మొహం ఉంది? గూడెంలో నా దుకాణం మూసేటప్పుడు "మూసేస్తున్నాను" అని నేను ఈనాటికీ అనలేదు, "కట్టేస్తున్నాను" అంటాను. ఇంట్లో బియ్యం అయిపోతే మా చంద్రకళ "నిండుకున్నాయి" అంటుంది. తీరా చూస్తే నాలుగు నెలలుగా జమ్ములంకలో ఒక్కరంటే ఒక్కరు (ఆ) నొక్కలేదట. హేమంత్‌కుమార్‌గారు దీన్ని పర్యాటకాభిమానం అనుకుని పైకి నివేదిక పంపారు.

కౌంటరు మూయడానికి ఆరు నిమిషాలుంది. సరుకు కదలనప్పుడు పక్క సరుకును కదపాలి. నేను అడిగాను.

"ఆవిడ తరఫున నేను నొక్కవచ్చా?"

"కుదరదండి. ఆవిడ మేజరు."

"బస్తాల తరఫున?"

ఆయన నియమావళి తీసి చూశారు. "బస్తాలకు మీరు సంరక్షకులండి. నొక్కొచ్చు."

ఉల్లి నాలుగు, తండ్రి కర్నూలు, వయసు అరవై. ఆయన తరఫున నేను (ఆ) నొక్కాను. తిరిగి రాను. బస్తాకు శకునం ఉండదు. చిరునామా అడిగింది, రూతమ్మ కొట్టు చిరునామా రాశాను, దిగేది అక్కడే కాబట్టి.

ఆ రోజు జమ్ములంకలో దిగింది ఆరుగురం. నేను, రూతమ్మ, నాలుగు బస్తాలు. అందులో ఒకరు తిరిగి రానని ముందే చెప్పారు. పదకొండున్నరకు అయిదు బ్యాడ్జీలు ఎక్కాలి. నాదొకటి. మూడు ఖాళీ గోతాలవి మూడు. నాలుగో గోతానికి ఆయన బ్యాడ్జి తీసేసి రూతమ్మ బ్యాడ్జి కట్టాను. అయిదు.

హేమంత్‌కుమార్‌గారు స్కాను చేశారు. ఫోను "రూతమ్మగారికి తిరుగు స్వాగతం" అని పలికింది. ఆయన గోతాన్ని చూశారు, నన్ను చూశారు.

"ఏవండీ, ఏమీ అనుకోకండి, నాకు బ్యాడ్జి కనిపిస్తే చాలండి. ముఖాలు చూడటం మా పరిధిలోకి రాదు."

గట్టు మీద రూతమ్మ చెయ్యూపింది. ఆమె నోట ఆ మాట రాలేదు, ఆమె పేరున ఆ టిక్కు పడలేదు, ఆమె ఇంట్లో ఉంది. లాంచీలో కూర్చుని నేను నాకు నేనే మార్కులు వేసుకున్నాను. (ఎన్ని వేసుకున్నానో చెప్పను. తరవాత తీసేసుకోవలసి వచ్చింది.)

మరుసటి గురువారం వెళ్ళేసరికి రూతమ్మ కొట్టు ముందు నిలబడి ఉంది.

"ఆవిడ వచ్చారండి. ఇందుజగారట, నిర్ధారణాధికారి. సొంత బోటులో వచ్చారు." (అధికారులకు బుకింగు అక్కర్లేదు. వారు దిగడాన్ని విహారం అనరు, పర్యటన అంటారు.) "మంచి మనిషండి. కూర్చున్నారు, టీ తాగారు, అల్లం వేశావా అని కూడా అడిగారు. తరవాత ట్యాబు చూసి, 'రూతమ్మగారూ, మీరు పదకొండున్నరకే లాంచీ ఎక్కి వెళ్ళిపోయారండి' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"లేదండి, ఇక్కడే ఉన్నానన్నాను. 'మీరున్నట్టు నాకు తెలుస్తూనే ఉందండి, ట్యాబుకు తెలియాలి కదా' అన్నారు. తరవాత, 'ఈ ఇంట్లో స్థిర తీరవాసి ఒకరున్నారు, ఉల్లి నాలుగుగారు, ఆయనేరీ' అన్నారు."

"ఏం చెప్పావు?"

"మూలనున్న ఉల్లిపాయల కుప్ప చూపించానండి. ఇంకేం చూపించను? ఆవిడ దగ్గరికెళ్ళి చూశారు. తండ్రి కర్నూలేనా అన్నారు. అవునండి, అక్కణ్ణుంచే వస్తాయన్నాను. సరిపోయిందని టిక్కు పెట్టుకుని వెళ్ళారు."

నవంబరు మొదట్లో జాబితా అంటించారు. ఆ గురువారం లాంచీ ఎక్కని జమ్ములంకవారందరికీ పట్టాలు వచ్చాయి. దేవరాజుకు కూడా వచ్చింది, కీర్తిశేషులు అని రాసి. రూతమ్మ ఇంటి పట్టా ఉల్లి నాలుగు, తండ్రి కర్నూలు పేరున వచ్చింది.

ఆమెను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళాను. తప్పు నాది కాబట్టి వెళ్ళాను. అంతకు ముందు ఒక పని కూడా చేశాను, ఆ నాలుగో బస్తా డబ్బు ఆమె దగ్గర తీసుకోలేదు. ఇంటి యజమానిని అమ్మగా వచ్చిన డబ్బు ఏ చిట్టాలో రాసుకోవాలో నాకు తెలియలేదు.

ఇందుజగారు మమ్మల్ని కూర్చోబెట్టారు. ఫైలు తెరిచారు.

"యజమాని ఉల్లి నాలుగుగారు స్వయంగా వచ్చి సంతకం చేస్తే ఆవిడ పేరుకు మార్చేయొచ్చండి."

"ఆయన లేరండి," అన్నాను.

"అయ్యో. ఎప్పుడు పోయారు?"

నేను రూతమ్మ వైపు చూశాను. రూతమ్మ అబద్ధమాడదు.

"ఒక్కసారిగా పోలేదండి. కిలో, అరకిలో, అలా పోయారు. దీపావళి ముందు ఆదివారానికి మొత్తం అయిపోయారు."

"దీర్ఘ అనారోగ్యం," అని ఇందుజగారు రాసుకున్నారు. "వారసులు?"

"కొన్ని మొలకలొచ్చాయండి. కూరలో వేసేశాను."

ఇందుజగారు కలం కింద పెట్టి, రెండో ఫైలు తీశారు. అది రూతమ్మది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆమె జమ్ములంకకు ముప్ఫైఒక్కసార్లు వెళ్ళినట్టు, ముప్ఫైఒక్కసార్లూ తిరిగి లాంచీ ఎక్కినట్టు అందులో ఉంది. ప్రతిసారీ ఉద్దేశం గ్రామీణ జీవన అనుభూతి. ప్రతిసారీ ఒకే ఇల్లు. ప్రతిసారీ మూడు నక్షత్రాలు.

"సొంత ఇంటికి ఎవరైనా మూడు నక్షత్రాలు ఇస్తారాండీ?" అన్నారు ఇందుజగారు. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగారు.

"కారుతుందండి," అంది రూతమ్మ.

"అదేనండి రాసుంది."

తరవాత ఇందుజగారు లేచి, బీరువా తెరిచి, ఒక శాలువా, చట్రం కట్టిన ప్రశంసాపత్రం తెచ్చారు. ఒకే గృహాన్ని నాలుగు నెలల్లో ముప్ఫైఒక్కసార్లు సందర్శించడం కొల్లేటి చరిత్రలో లేదట. సంస్థవారు రూతమ్మను ఆ ఏటి ఉత్తమ పర్యాటకురాలిగా ఎంపిక చేశారు. పోస్టులో పంపుదామంటే చిరునామా లేక అక్కడే ఉంచారు. ఆఫీసులో ఉన్న ఆరుగురూ లేచి చప్పట్లు కొట్టారు. రూతమ్మ శాలువా కప్పించుకుని నిలబడింది. చేతిలో హాజరు చీటీ అలాగే ఉంది.

"మరి నా ఇల్లండి?" అంది.

యజమాని వారసులు లేకుండా గతించినందున ఆ ఇల్లు సంస్థకు చెందింది. రానున్నది పక్షుల సీజను. దాన్ని గ్రామీణ జీవన అనుభూతి గృహంగా తీర్చిదిద్దుతారు. పొయ్యి, తక్కెడ, కోళ్ళు అలాగే ఉంచుతారు. చూరు బాగుచేయిస్తారు, ఎందుకంటే ఆ విషయమై ఒకే వ్యక్తి నుంచి ముప్ఫైఒక్క ఫిర్యాదులు అందాయి. రూతమ్మ ఆ ఇంటికి ఎప్పుడైనా రావచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. గంటన్నర చొప్పున. ఉత్తమ పర్యాటకురాలు కాబట్టి ప్రతి పదకొండోసారి ఉచితం.

"అప్పీలు ఉందాండీ?" అని నేనడిగాను.

"ఉందండి. జమ్ములంక పంచాయతీలో ఇవ్వాలి. స్థానికులై ఉండాలి."

బయటికి వచ్చాం. ఎదురుగా సోడా బండి ఉంటే ఇద్దరికీ చెరొక సోడా చెప్పాను. రూతమ్మ ప్రశంసాపత్రాన్ని చంకలో పెట్టుకుని, ఫోను తీసి, కళ్ళు చిట్లించి చూసింది. జమ్ములంక. గ్రామీణ జీవన అనుభూతి. ఆమె ఇంటి ఫొటో వచ్చింది, ముందు తక్కెడతో సహా. ఎవరు తీశారో, బాగా తీశారు.

"రాజుగారూ, ఇది నలభై అయిదు రోజుల ముందు చేసుకుంటే మంచిదాండీ, లాంచీలో చేసుకుంటే మంచిదాండీ?"

ఈ విషయంలో నా మాట మీద చాలామందికి నమ్మకం ఉందని మొదట్లోనే చెప్పాను. బాగా ఆలోచించి చెప్పాను.

"ముందే చేసుకో రూతమ్మా. గూడబాతులు దిగాయంటే ఆ ఇల్లు దొరకదు."